నాంచారు తరఫు మనిషి

తెనాలిలో ఒక మనిషి పోయారని తెలుసుకోవడానికి వార్తాపత్రిక తెరవనవసరం లేదు. కూడలిలో ఫ్లెక్సీ వెలుస్తుంది. ఈమధ్య కోర్టు నుంచి తిరిగి వస్తూ, కాలువ వంతెన దిగగానే, అలాంటి ఒక ఫ్లెక్సీ ముందు బండి ఆపేశాను. 'అశ్రునివాళి' అన్న అక్షరాల కింద నుంచి నాంచారు నావైపు చూస్తోంది. నుదుట పెద్ద కుంకుమబొట్టు, ముక్కుకు పుడక, భుజాన ముతక చీర చెంగు, చేతిలో ఒక మగవాడి చొక్కా.

చనిపోయింది నాంచారు కాదు. నాంచారు ఒక నాటికలోని పాత్ర. చనిపోయింది ఆ వేషం ఇన్నేళ్ళుగా కట్టిన మనిషి. ఆమె సొంత ఫొటో కోసం నాటక సమాజం వాళ్ళు ఇల్లంతా వెతికారట. ఒక్కటీ దొరకలేదు. "ఉన్నయ్యన్నీ ఎప్పుడో ఎవరెవరికో ఇచ్చేసిందయ్యా. ఆధార్ కార్డు మీద బొమ్మ ఒకటుంది గానీ, అది ఆవిడేనని నేను కూడా నమ్మను," అన్నారట ఆమె భర్త. అందుకని నాంచారు ఫొటోనే వేశారు. లూథరన్ క్రైస్తవ సంఘంలో పుట్టి, ప్రతి ఆదివారం తెల్లచీరతో, ఖాళీ నుదుటితో గుడిలో కీర్తనలు పాడిన మనిషికి కుంకుమబొట్టుతో నివాళి. తప్పు పట్టినవాళ్ళున్నారు. నాకది తప్పుగా తోచలేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా ఆమెను ఎరిగినవాళ్ళలో సగం మందికి ఆమె పేరు తెలియదు. నేనూ ఇక్కడ రాయడం లేదు. పోస్టరు మీద పేరు వేస్తామంటే ఆమే వద్దనేవారు: "నా పేరు చూసి ఎవరొస్తారు బాబూ. నాంచారు పేరు వెయ్యండి. ఆవిణ్ణి చూట్టానికొస్తారు."

నాంచారు ఎవరో చెప్పకుండా ఈమె ఎవరో చెప్పడం సాధ్యం కాదు. సముద్రపు ఒడ్డున ఒక పల్లె. నాంచారు మొగుడు వేటకు వెళ్ళిన నాడే ఉప్పెన వచ్చింది. పడవ తిరిగి రాలేదు, శవమూ రాలేదు. శవం దొరకని మనిషికి కర్మ చేయాలంటే ఆ ఊళ్ళో గడ్డితో బొమ్మ కట్టి, దానికి ఆ మనిషి బట్టలు తొడిగి, దహనం చేస్తారు. అది జరిగితే గాని ఇంట్లో మరో శుభకార్యం జరగదు. భార్య బొట్టు తుడిచేదీ, మెట్టెలు తీయించేదీ ఆనాడే. నాటిక మొత్తం ఆ ఒక్క సాయంత్రపు కథ. మరిది పెళ్ళి ఆగిపోయి ఉంది. పెద్దలు గడ్డిబొమ్మ కట్టి, నాంచారు మొగుడి చొక్కా తొడిగి, వాకిట్లో పడుకోబెడతారు. ఒకరి తరువాత ఒకరు నచ్చజెబుతారు. నాంచారు అన్నీ వింటుంది. చివరకు వంగి, గడ్డిబొమ్మ ఒంటి మీది చొక్కా విప్పి, దులిపి, దండెం మీద వేస్తుంది. "తడిసొచ్చినోడికి పొడిచొక్కా ఉండాలిగా," అంటుంది. తెర పడుతుంది.

మా ప్రాంతపు నాటక సమాజాలలో మగవాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో వేషాలు వేస్తారు. ఆడవేషాలకు మాత్రం తెనాలి నుంచో గుంటూరు నుంచో నటీమణులను పిలిపించుకుంటారు. ఇవాళ ఒక ఊళ్ళో అత్తగారు, రేపు ఇంకో ఊళ్ళో కలెక్టరు. ఆమె కూడా అలా ఎన్నో వేషాలు కట్టారు, కట్టిన మర్నాటికే మరిచిపోయారు. "ఆ కలెక్టరు వేషం ఎంత బాగా చేశారండి," అని ఎవరైనా మెచ్చుకోబోతే, "ఏ కలెక్టరు?" అని నిజంగానే అడిగేవారు. నాంచారు ఒక్కతే అలా పోలేదు. ఆమె నాంచారు గురించి మాట్లాడే తీరు పక్కవీధి మనిషి గురించి మాట్లాడినట్టుండేది. టీ చల్లారిందని ఎవరైనా గొణిగితే, "నాంచారైతే చల్లారిందే తాగుద్ది, వేడిది గొంతు దిగదు ఆవిడకి," అనేవారు. మబ్బు పట్టి గాలి తిరిగితే మాట మధ్యలో ఆపి, ఆకాశం వైపు చూసి, "ఇయ్యాల నాంచారుకి నిద్రుండదు," అనేవారు. వినేవాడు కొత్తవాడైతే పాపం ఆ నాంచారు ఎవరని వాకబు చేసేవాడు.

నాటిక అయ్యాక కొబ్బరినూనె రాసి ముఖం మీది రంగు తుడుచుకోవడం అందరూ చేసేదే. ఆమె బొట్టు చుట్టూ తుడుచుకొని, బొట్టును మాత్రం అలాగే వదిలేసేవారు. ఆ బొట్టుతోనే బస్సెక్కి ఇంటికి వచ్చేవారు. తలంటి పోసుకున్నప్పుడు నీళ్ళతోపాటు పోతే పోవలసిందే తప్ప, గుడ్డ పెట్టి తుడిచేవారు కారు. ఒక ఆదివారం ఆ ఎర్రటి జాడ నుదుట ఉండగానే గుడికి వెళ్తే పాస్టరుగారు గుమ్మంలోనే ఆపారట. ఆ సంభాషణను ఆమె నాకు రెండు గొంతులతో అభినయించి చెప్పారు.

"ఏంటమ్మా ఇది, అన్నారు. బొట్టండి, అన్నా. నువ్వు పెట్టుకున్నావా, అన్నారు. నేను కాదండి, నాంచారు పెట్టుకుంది, అన్నా. మరి తుడిచెయ్యొచ్చుగా, అన్నారు. తుడవమని ఊరూరంతా ఆవిడ మీద పడిందండి, ఇంక నన్ను కూడా పడమంటారా, అన్నా."

"ఆయనేమన్నారు?"

"కీర్తన నంబరు చెప్పుకుంటా లోపలికి పోయారు."

ఆమెను నేను మొదట చూసింది బాపట్లలో, కళాశాలల మధ్య జరిగిన ఒక వక్తృత్వ పోటీలో. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. గతాన్ని వదలలేని పాత్రలు సాహిత్యానికి బలమా, బలహీనతా అన్నది అంశం. నాది బలహీనత పక్షం. ఆనాటి నా వాదం నాకిప్పటికీ కంఠస్థమే. ఒక సమాజం తన కథలలో ఎవరిని ఎత్తున నిలబెడుతుందో, వారిలాగా బతకమని తన బిడ్డలకు చెబుతున్నట్టే. నిరీక్షించే స్త్రీని పూజించే ప్రతి కథా బతికున్న స్త్రీ కాలికి ఒక బంధం. ఉదాహరణకు మనందరికీ తెలిసిన నాంచారునే తీసుకోండి అన్నాను. పనికి పోదు, మారుమనువు తలపెట్టదు, మరిది పెళ్ళికి అడ్డు నిలుస్తుంది. చొక్కా ఒకటి దండెం మీద వేస్తుంది, మనం చప్పట్లు కొడతాం. ఆ చప్పట్లకు మన ఇళ్ళలోని ఆడవాళ్ళు ఏ వెల చెల్లిస్తున్నారో ఎవరైనా ఆలోచించారా అని ముగించాను. హాలు మోగిపోయింది. ప్రథమ బహుమతి నాకే వచ్చింది. దానిని అందించడానికి వేదికనెక్కిన ముఖ్య అతిథిని పరిచయం చేస్తూ, 'నాంచారు పాత్రధారిణి' అని ప్రకటించినప్పుడు నా చెవులు వేడెక్కాయి.

కప్పు నా చేతిలో పెడుతూ, మైకుకు అందని గొంతుతో ఆమె అడిగారు:

"చూశావా ఆవిణ్ణి?"

"ఎవరినండి?"

"నాంచారుని. ఇందాకటి నుంచి తిడతన్నావుగా."

"లేదండి. కథ విన్నాను."

"అదీ సంగతి. ఎదురుగా లేని మనిషిని తిట్టటం తేలికే. సాయంత్రం ఈ ఊళ్ళోనే ఉంది. వచ్చి, చూసి, అప్పుడు తిట్టు. నేనే కూచోబెడతా ముందు వరసలో."

వెళ్ళాను. ఖండించవలసిన దానిని కళ్ళారా చూడడం వక్త ధర్మం కాబట్టి వెళ్ళాను. పెద్దలు మాట్లాడుతున్నంతసేపూ నాంచారు ఏమీ చేయలేదు. తల కూడా తిప్పలేదు. నేను పొద్దున మైకు ముందు అన్న మాటలన్నీ ఆ పెద్దలు ఒకటొకటిగా అంటున్నారు, నాకంటే బాగా అంటున్నారు. తరువాత ఆమె గడ్డిబొమ్మ పక్కన కూర్చున్నారు. చొక్కా బొత్తాలు పై నుంచి తీయలేదు, అడుగు నుంచి తీశారు. నిద్రపోతున్న పసివాడి చొక్కా విప్పే తల్లి ఎలా తీస్తుందో అలా, ఒక చేత్తో బొమ్మ ఎద మీద ఒత్తిపట్టి, గడ్డి గరగరలాడితే లేస్తాడేమో అన్నట్టు. చొక్కా ఒక చెయ్యి విప్పేటప్పుడు గడ్డిభుజం కింద తన అరచేయి ఆనించారు. చప్పట్లు వెంటనే రాలేదు. చాలాసేపటికి ఎవరో కొట్టారు, అదేదో మొరటు పని చేసినట్టు మళ్ళీ ఆపేశారు.

నా వాదంలోని ఒక్క వాక్యాన్నీ నేను ఉపసంహరించుకోలేదు. అవి నిజమని ఇప్పటికీ అనుకుంటాను. కాని ఆ సాయంత్రం తరువాత నాంచారును ఉదాహరణగా మాత్రం ఎక్కడా వాడలేకపోయాను.

కొన్నేళ్ళు గడిచాయి. నేను న్యాయశాస్త్రం చదివి తెనాలిలో ఒక సీనియర్ దగ్గర చేరాను. నాంచారు నాటిక ఆడే సమాజం, ఆ నాటికతో సహా, ఒక యువకుడి చేతికి వచ్చింది. వడ్లమూడి వైపు ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతాడు. నిజాయితీ గల దర్శకుడు. నాటక పరిషత్తుల పోటీలలో న్యాయనిర్ణేతలు 'నటన అద్భుతం, సందేశం లేదు' అని రాస్తున్నారని, ముగింపు మార్చాలని నిశ్చయించుకున్నాడు. కొత్త ముగింపు రాయమని నన్ను అడిగాడు. నమ్మిన విషయం కనుక సంతోషంగా రాశాను. నాంచారు తన చేతులతోనే బొమ్మకు నిప్పంటిస్తుంది. తన మెట్టెలు తానే తీస్తుంది. 'పోయినోడి కోసం ఉన్నోళ్ళను ఆపను. రేపటి నుంచి నేనూ చేపలబుట్ట ఎత్తుకుంటాను,' అని మరిది చేయి పట్టుకొని లేస్తుంది.

"అక్కగారు ఒప్పుకుంటే ఆవిడే చేస్తుంది," అన్నాడు దర్శకుడు. "ఒప్పుకోకపోతే గుంటూరమ్మాయిని మాట్లాడి ఉంచాను. నువ్వెళ్ళి చెప్పు. నీ మాట కాదనలేరు ఎవరూ."

అప్పటికి ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. మిగిలిన సమాజాలు పిలవడం మానేశాయి. ఆమెకు ఈ లోకంలో మిగిలిన వేషం నాంచారు ఒక్కటే. అది తెలిసే వెళ్ళాను.

కాలువ గట్టు వెంట సందులో చిన్న డాబా ఇల్లు. అరుగు మీద ఆమె భర్త, బస్సు డిపోలో పనిచేసి రిటైరైన ఆయన, చేటలో వెల్లుల్లి రెబ్బలు ఒలుస్తున్నారు. గోడల మీద ఒక్క షీల్డు లేదు. వచ్చిన షీల్డులన్నిటికీ పేరున్న రేకు ఊడదీసి, దగ్గరి బడివాళ్ళకు ఆటల పోటీలకని ఇచ్చేవారట.

"నమస్కారం మేడమ్," అన్నాను.

"మేడమ్ ఏంటమ్మా, నీకేమైనా లెక్కలు చెప్పానా? అత్తా అను. కూచో."

విషయం చెప్పాను. మెత్తగా, వరుసగా, ఆమె అనుభవాన్ని గౌరవిస్తూ చెప్పాను. ఆమె మొదటి భర్త చిన్న వయసులోనే పోయారని విని ఉన్నాను కనుక, అది కూడా ప్రస్తావించాను. "ఆయనను మరిచిపోలేక మీరు నాంచారులో ఆ బాధ చూసుకుంటున్నారేమో అత్తయ్యగారూ. అది నాకు అర్థమవుతుంది," అన్నాను.

ఆమె అరుగు వైపు తిరిగి కేకేశారు. "ఏవండీ, నేను మా మొదటాయన్ని మర్చిపోలేకపోతన్నానంట."

"మధ్యాన్నం నన్ను అన్నానికి పిలవటమే మర్చిపోయావు," అన్నారాయన, చేట మీంచి తలెత్తకుండా. "ఆయన్నేం గుర్తుపెట్టుకుంటావు."

ఆమె పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక చెప్పారు. "రేపల్లెలో బళ్ళో మాస్టారమ్మా ఆయన. కామెర్లొచ్చి పోయాడు. మంచోడు. ఏడ్చాను. జ్ఞాపకార్థ కూడిక పెట్టి, పదిమందికి అన్నం పెట్టాను. చొక్కాలు బాగున్నయ్యన్నీ వాళ్ళ తమ్ముడికిచ్చాను. తర్వాత ఈయనొచ్చి అడిగాడు, చేసుకున్నాను. తప్పేముంది?"

"తప్పేమీ లేదండి. నేను చెప్పేదీ అదే. మీరు వదిలేశారు, బతికారు. నాంచారును కూడా అలా బతకనివ్వమంటున్నాను."

"నేను వదిలేస్తే నాకు రేపుందమ్మా. మర్నాడు పొద్దున పాలవాడొచ్చాడు, లేచి గిన్నె పట్టాను. నాంచారుకి రేపెక్కడుంది? తెర లేస్తే పుట్టింది, తెర పడితే అయిపోయింది. ఆవిడకున్నదంతా ఆ ఒక్క సాయంత్రం, రాని మొగుడొకడు. అది కూడా లాక్కుని రేపటి నుంచి బుట్ట ఎత్తుకో అంటన్నావు. ఏ రేపటి నుంచి?"

"ఆమెకు లేకపోయినా చూసేవాళ్ళకు రేపు ఉందండి. వాళ్ళు ఏం నేర్చుకుంటారు?"

"ఏం నేర్చుకుంటారు? ఇంటికి పోయి పొయ్యి ఎలిగిస్తారు. బియ్యం కొనాలి, పిల్లల్ని బడికి తోలాలి. ఎవరు పట్టుకుని కూచుంటారు తల్లీ, అందరం వదిలేసేవాళ్ళమేగా. నేనైతే అందరికన్నా ముందు వదిలేశాను. మనందరి బదులూ వదలకుండా కూచునే మనిషి ఒక్కతి ఉంటే ఎవరికి అడ్డం?"

చర్చావేదిక మీద జవాబు తోచని వక్తను గంట కాపాడుతుంది. సమయం ముగిసిందని గంట కొడతారు, కూర్చోవచ్చు. ఆ ఇంట్లో గంట లేదు. వెల్లుల్లి పొట్టు మాత్రం గాలికి నా పాదాల దాకా వచ్చింది.

నా తడబాటు చూసి ఆమే తేల్చేశారు. "సరే, నువ్వు రాసింది చదువు."

చదివాను. కళ్ళు మూసుకొని విన్నారు. "మాటలు బాగున్నయ్. చేస్తాను."

నేను తెల్లబోయాను. "మీకు ఇష్టం లేదన్నారుగా."

"ఇష్టం లేకపోవటం వేరు. రాసిచ్చింది చెప్పటం నా పని. ఒక్కటి మాత్రం మీ డైరెట్రుతో చెప్పు. పోటీకన్నా ముందు ఒడ్డున ఏదో ఒక ఊళ్ళో వెయ్యమను. మొగుడికి నిప్పు పెట్టేటప్పుడు అయినవాళ్ళు పక్కనుండాలమ్మా. ఎవరూ లేకుండా పెట్టకూడదు."

దర్శకుడు సంతోషించాడు. ప్రయోగాత్మక ప్రదర్శన ఎలాగూ కావాలి. రేపల్లె దాటాక, సముద్రపు పాయ మీద పడవలు కట్టి ఉండే ఒక మత్స్యకారుల పల్లెలో ఏర్పాటు చేశాడు. పొద్దు వాలుతుండగా మొదలైంది. వలలు ఆరబెట్టే మైదానంలో వేదిక. ఇసుకలో ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనుక. దర్శకుడు ప్రాంప్టింగుకని తెర పక్కన నిలబడ్డాడు. అతని వెనుక నేను, నా వాక్యాలు మొదటిసారి వినబోతున్న ఉత్సాహంతో.

పెద్దల మాటలు అయిపోయాయి. నాంచారు కూర్చుని, కుడికాలు ముందుకు చాచింది. చెయ్యి మెట్టె మీదికి వెళ్ళింది. సరిగ్గా నేను రాసినట్టే.

"తియ్యమాకే నాంచారూ."

గొంతు ముందు వరసలోంచి వచ్చింది. ఒక ముసలావిడ. అరవలేదు, ఇంట్లో కోడలితో అన్నట్టు అంది.

"గాలికి ఎటో కొట్టుకుపోయుంటది," అంది ఆమె పక్కనున్నావిడ. "మా అన్న పడవ ఒరిస్సాలో తేల్లేదా. అనుకున్నామా వస్తారని."

"ఊరుకోండే, నాటకం చూడనియ్యరా," అన్నాడు వెనుక నుంచి ఒక మగవాడు.

"నువ్వూరుకో. నీకేం తెలుసు."

వేదిక మీది పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దర్శకుడు నా వాక్యాన్ని అందించాడు: "పోయినోడి కోసం." మళ్ళీ అందించాడు, కాస్త గట్టిగా. నాకు వినిపించింది కనుక ఆమెకూ వినిపించే ఉంటుంది. ఆమె చెయ్యి మెట్టె మీదే ఉంది. తల మాత్రం ఎత్తారు. ఎత్తి, వేదిక అంచు దాటి, ఆ ముసలావిడ కళ్ళలోకి చూశారు.

"వస్తాడంటావా వదినా?"

ముసలావిడ ఆలోచించింది. అంతమంది మధ్య, అది నాటకమని తెలిసి కూడా, నిజం చెప్పవలసిన ప్రశ్నకు జవాబు వెతుక్కున్నట్టు ఆలోచించింది.

"వచ్చినా రాకపోయినా నువ్వు తియ్యమాక," అంది.

నేను ఎందరో వక్తల ముగింపు వాక్యాలు విన్నాను. దానికి సాటి వచ్చేదాన్ని ఇంతవరకు వినలేదు. ఆమె కాలు వెనక్కి తీసుకున్నారు. గడ్డిబొమ్మ దగ్గరికి జరిగి, బొత్తాలు తీశారు, చొక్కా దులిపి, దండెం మీద వేశారు. పాత మాట కూడా చెప్పలేదు, చెప్పవలసింది అప్పటికే ఎవరో చెప్పేశారు కనుక. దండెం పక్కన, సముద్రం వైపు ముఖం పెట్టి కూర్చున్నారు. తెర తాడు లాగవలసినవాడు మరిచిపోతే దర్శకుడే వెళ్ళి లాగాడు.

తెర వెనుక అతను గొంతు పెంచలేదు, అది అతని మర్యాద. "ఏంటక్కా ఇది. రాసిచ్చింది చెప్తానన్నావుగా."

"చెబుదామనే చెయ్యి పెట్టాను బాబూ. మనిషి అడ్డం పడి మాట్లాడితే పలక్కుండా ఎట్టా?"

"ఆవిడ ప్రేక్షకురాలక్కా."

"నీకు ప్రేక్షకురాలు. నాంచారుకి వదిన."

అతను చేతిలోని కాగితాలు మడిచాడు. "పోటీలో ఇలా అయితే మన పని అయిపోతుంది. గుంటూరమ్మాయి చేత చేయిస్తాను. ఏమనుకోకు."

ఆమె బతిమాలుతారని, లేదా కోప్పడతారని ఎదురుచూశాను. అదే జరిగి ఉంటే ఆమె పక్షాన వాదించడానికి నేను సిద్ధంగానే ఉన్నాను, నేను రాసిన ముగింపుకు వ్యతిరేకంగానైనా. ఆమె కొబ్బరినూనె సీసా మూత తిప్పుతూ, "మంచిదే," అన్నారు. "ఆ పిల్లని నా దగ్గరికి పంపు. బొత్తాలు కింద నుంచి తియ్యాలి, అది చెప్తే రాదు, చూపించాలి. ఒక్క మాటియ్యి నాకు. పోటీల్లో నీ ఇష్టం. ఒడ్డు ఊళ్ళో ఎప్పుడన్నా వెయ్యాల్సి వస్తే మాత్రం నాంచారు చేత మెట్టెలు తీయించబాకండి."

అతను మాటిచ్చాడు. ఒడ్డు ఊళ్ళకు మళ్ళీ వెళ్ళే ఆలోచన అతనికి లేదు కనుక తేలికగానే ఇచ్చాడు. తనకు మిగిలిన ఒకే ఒక్క వేషాన్ని ఆమె షీల్డు ఇచ్చినంత సులువుగా ఇచ్చేశారు. తనకోసం ఏమీ అడగలేదు. నాంచారు కోసం అడిగారు. కక్షిదారు తరఫున మాట్లాడడమంటే ఏమిటో నాకు న్యాయకళాశాలలో ఎవరూ అలా చూపలేదు.

ఆ తరువాత రోజుల్లో, కోర్టు అయ్యాక నేను ఆ సందులోకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. గుంటూరమ్మాయి సాయంత్రాలు రైలెక్కి వచ్చేది. గడ్డిబొమ్మకు బదులు ఆ ఇంటాయనే చొక్కా తొడుక్కొని అరుగు మీద వెల్లకిలా పడుకునేవారు.

"నిప్పు పెట్టేది మాత్రం ఉత్తుత్తినే పెట్టండమ్మా," అనేవారు కళ్ళు మూసుకొని.

"బొమ్మలు మాట్టాడవు," అనేవారామె. "భుజం కింద చెయ్యి పెట్టమ్మా. అరచెయ్యి. బరువుంటాడు మనిషి, గడ్డి అనుకోమాక."

"నేనేం బరువు లేను."

"నువ్వు బొమ్మవి."

కొత్త ముగింపు కూడా ఆమే నేర్పారు. మెట్టె తీసేటప్పుడు వేలు ఎలా మెలిపడాలో, అది తొలిసారి తీస్తున్న వేలు కనుక ఎంత బిగుతుగా ఉండాలో, నా వాక్యంలో ఏ మాట దగ్గర గొంతు ఆగాలో. తాను నమ్మని దానిని అంత శ్రద్ధగా నేర్పిన మనిషిని నేను చూడలేదు. తెనాలి పోటీలో నాటికకు మొదటి బహుమతి వచ్చింది. ఆమె నా పక్కన కూర్చొని చూశారు. మెట్టెలు తీసే చోట ఒక్కసారి నా ముంజేయి పట్టుకున్నారు. తెర పడ్డాక అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆమే. మళ్ళీ ఆ వేషం కట్టలేదు. ఎప్పుడైనా ఆ అమ్మాయి ఫోన్ చేస్తే, నువ్వెలా ఉన్నావని అడగకముందే, "నాంచారు ఎట్టా ఉంది?" అనేవారు.

మొన్నటి ఆదివారం ఆమె జ్ఞాపకార్థ కూడిక జరిగింది. గుడి నిండిపోయింది. పాస్టరుగారు ఆమె కంఠస్వరం గురించి మాట్లాడారు. ఆమె భర్త మొదటి బెంచీలో, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నారు. ప్రార్థన ముగిసి జనం భోజనాలకు లేస్తుండగా, వెనుక బెంచీల నుంచి కొందరు మత్స్యకార స్త్రీలు నేను, దర్శకుడు, గుంటూరమ్మాయి కూర్చున్న వైపు వచ్చారు. పొద్దున రేపల్లె నుంచి రైలెక్కారట. ముందున్న ముసలావిడను నేను వెంటనే గుర్తుపట్టాను. దర్శకుడు కూడా గుర్తుపట్టాడు. లేచి నిలబడ్డాడు.

"ఆవిడ మంచిది బాబూ," అంది ముసలావిడ. "పై నెల మా ఊళ్ళో అమ్మవారి కొలుపు. నాటకం పెట్టించుకోవాలని పెద్దోళ్ళు అనుకుంటన్నారు. నాంచారుకి ఇప్పుడెవరున్నారు?"

దర్శకుడు నా పక్కన కూర్చున్న గుంటూరమ్మాయిని చూపించాడు. ముసలావిడ దగ్గరికి వచ్చి, అమ్మాయి గడ్డం పట్టుకొని, ముఖం కిటికీ వెలుతురు వైపు తిప్పి చూసింది.

"చిన్నపిల్ల."

"అవునండి," అంది అమ్మాయి.

"తెనాల్లో మెట్టెలు తీసేశావంటగా."

"తీశానండి. అట్టా రాశారు."

దర్శకుడు ఏదో చెప్పబోయి నావైపు చూశాడు. ఆ వాక్యాలు రాసిన మనిషిని నేనే.

"మా ఊళ్ళో?"

అమ్మాయి దర్శకుణ్ణి చూడలేదు, నన్నూ చూడలేదు.

"తియ్యనండి."

ముసలావిడ అమ్మాయి గడ్డం వదిలి, చెంగు సర్దుకుంది. భోజనం చేసి వెళ్ళమని చనిపోయినావిడ భర్త వచ్చి అడిగారు.

"ఇంకోసారి తింటాంలే అన్నా," అంది. "రైలుకి పోవాలి. పడవలొచ్చే యేళకి ఒడ్డునుండాలి."